మూడో తొట్టి పిల్లకి పేరు

మొదటి రాత

ఇందుమూలంగా ఎర్రనేల కింది సొరంగాల్లో కాపురముంటున్న యావన్మందికీ చాటడం ఏమనగా, పసిబిడ్డల గదిలో మూడో తొట్టి పక్కన వేసివున్న ఇనప కుర్చీ, ఆ కుర్చీ మీది చిరుగుల దిండు, తాతల నాడు భూమ్మీంచి మనతోపాటే దిగిన వంశానికి చెంది ప్రస్తుతం ఆ దిండులో నివాసముంటున్న ఒక నల్లి, ఈ మూడూ నేటినుంచి జల్లెళ్ల నాంచారయ్య గారి ఏలుబడిలోకి వచ్చినవి. సదరు కుర్చీకి వెనక ఎడమ కోడు పొట్టి. తెలియక కూర్చుని వెల్లకిలా పడినవారికి మా నవ్వు తప్ప వేరే పరిహారం ఇవ్వబడదు.

డాక్టర్ హైమవతి ఇది చదివి, "ఏంటండీ నాంచారయ్య గారూ, నేను రాయమన్నది ఇదా?" అంది.

ఆమె రాయమన్నది వేరే. నా ఎడమ మణికట్టుకి ఒక పట్టీ బిగించారు. నేను ఊళ్ళో ఎక్కడున్నా నా గుండె వేసే తాళం గోడల్లోంచి వెళ్ళి తొట్టిలో గాలితిత్తిని ఆడిస్తుంది. తిత్తి ఆడితే పిల్ల రొమ్ము లేస్తుంది, పడుతుంది. ఊరికే మోటారు పెట్టి ఆడిస్తే ఒంటికి పట్టదట, ఇంత చిన్నదానికి మనిషి గుండే కావాలట. అసలైతే తల్లి గుండె వాడాలి. మాణిక్యానికి కాన్పులో నెత్తురు బాగా పోయింది, జ్వరం దిగలేదు, నాడి నిలకడగా లేదు. అందుకని నలభై ఆరేళ్ళుగా వాడిన నా గుండె తీసుకున్నారు. పట్టీ ఉలిక్కిపడినప్పుడల్లా ఎందుకు ఉలిక్కిపడిందో నేను రాయాలి. డాక్టరమ్మ చదువుతుంది. అదీ సంగతి.

గోడ మీద ఎర్రరంగుతో రాసి ఉంది: పట్టీ ఉన్నవారికి చెడుమాట చెప్పరాదు. చెప్పాల్సివస్తే ముందు పట్టీ విప్పి, తర్వాత చెప్పవలెను.

నేను దాన్ని పట్టీ అనను. బేడీ అంటాను.

రెండో రాత

మాణిక్యం ఇంకా లేచి నడవలేదు, పక్క సొరంగంలో ఆడవాళ్ళ గదిలో పడుకుని ఉంది. నేను వెళ్ళగానే, "ఎవరి పోలికయ్యా?" అని అడుగుతుంది. ఏం చెప్పను? చర్మంలోంచి నరాలు కనిపిస్తున్నాయి. కళ్ళు ఇంకా విడలేదు. వీపు మీద నూగు. తొడ నా బొటనవేలంత. నోట్లో ఒక గొట్టం, ముక్కులో ఒకటి, బొడ్డులో ఒకటి. నిజంగా పోలిక చెప్పాల్సి వస్తే ఊరి గాలి వడగట్టే మా జల్లెళ్ల గదిలో మోటారు పోలిక.

"మీ అమ్మ పోలికే," అన్నాను. "ఎవరొచ్చినా కళ్ళు తెరిచి చూడదు. అదే పొగరు."

నవ్వబోయింది. కుట్లు లాగాయి. ఏడ్చింది.

తొట్టికి పక్కన రెండు కన్నాలున్నాయి. మోచేతుల దాకా కడుక్కుని, ఒక కన్నంలోంచి చెయ్యి పెట్టి దాని తల మీద అరచెయ్యి ఆనించొచ్చు. నిమరకూడదు. నిమిరితే చర్మం లేస్తుంది. జీవితమంతా గాలిగొట్టాల్లో దుమ్ము గీకిన చెయ్యి నాది. ఊరికే ఆనించి ఉంచడం ఎట్లాగో ఇప్పుడు నేర్చుకుంటోంది.

పేరు పెట్టకూడదు. గాలి తయారుచేసుకుని బతికే ఊరు మాది. సొంతంగా తీసిన మొదటి ఊపిరే మాకు పుట్టుక. ఏడుపైనా సరే, దగ్గైనా సరే, బిడ్డ సొంతగాలి ఒక్కసారి లాగిందని ఇద్దరు సాక్షులు చెబితే చాలు, బాకా ఊది పేరు చాటుతారు. సొరంగాలన్నిట్లోనూ జనం పళ్ళేలు మోగిస్తారు. అప్పటిదాకా ఇది మూడో తొట్టి. నేను మాత్రం పిడికెడు అని పిలుస్తున్నాను. అది పేరు కాదు, కొలత. కాబట్టి ఆచారం తప్పినట్టు కాదు.

నాలుగో రాత

ఈ గదిలో అందరూ అబద్ధాలాడతారు. ఉద్యోగం అటువంటిది. నేను చిన్నప్పట్నుంచీ ఆ విద్యలోనే ఉన్నవాణ్ణి కనక ఎవరి పనితనం ఎంతో ఇట్టే చెప్పగలను. గది తుడిచే ఆయన ఇంకా ఓనమాల్లోనే ఉన్నాడు. "బాగుందంట కదండీ" అని నేల వైపు చూస్తాడు. డాక్టరమ్మ నయం, కానీ ఎక్కువ మాట్లాడుతుంది. అసలైన పనివంతురాలు దయామణి సిస్టర్. కళ్ళలోకి చూస్తూ, "రంగు తేలిందన్నా, నిన్నటికీ ఇవాళ్టికీ పోలికే లేదు," అంటుంది. నమ్మి తీరాలి.

"సిస్టరమ్మా," అన్నాను, "నువ్వు అబద్ధం చెప్పేటప్పుడల్లా తువ్వాలు మడతపెడతావు. ఇదే తువ్వాలు పొద్దుట్నుంచీ మడతపెడుతున్నావు."

"మీ నోట్లో పెట్టడానికన్నా," అంది.

బాగా నవ్వాను. బేడీ కొంచెం ఎగిరింది. కారణం: నవ్వు.

ఆరో రాత

ఇవాళ మాణిక్యం పాలు మూడు చుక్కలు గొట్టంలోంచి లోపలికి వెళ్ళాయి. మూడే. పరిగెత్తుకెళ్ళి చెప్పాను. మాణిక్యం లేచి కూర్చుంది. తల దువ్వించుకుంది. గదిలో ఉన్న ఆడవాళ్ళందరికీ, "మాది పాలు తాగింది," అని చెప్పింది. విందు జరిగినట్టు చెప్పింది.

ఏడో రాత

కడుపు ఉబ్బింది. పాలు ఆపేశారు. పొట్ట నల్లగా కమిలినట్టు ఉంది, తొట్టి మీద గుడ్డ కప్పి, "వెలుతురు పడకూడదన్నా," అంది దయామణి. ఆమె చేతిలో తువ్వాలుంది.

మాణిక్యానికి ఈ సంగతి చెప్పలేదు. ఆమె పూటపూటా పాలు పిండి గిన్నెలో పంపుతూనే ఉంది. ఆ పాలు నాలుగో తొట్టి పిల్లాడికి పోస్తున్నారు. వాడు బుగ్గలు తేలాడు. వాడి నాన్న నన్ను చూడగానే తల తిప్పుకుంటాడు. ఆ పసివాడి మీద నాకు కోపం ఏంటి? ఉంది. బుగ్గల మీద కూడా ఉంది. ఇది కూడా రాయమంటే రాస్తున్నాను.

ఎనిమిదో రాత

అంకాలు సంగతి చెప్పాలి. జల్లెళ్ల గదిలో నా జోడీ. నేను ఇక్కడ కుర్చీ ఏలుతుంటే నా వంతు దుమ్ము కూడా వాడే దులుపుతున్నాడు. ఇన్నేళ్ళుగా వాణ్ణి ఏడిపించని వారం లేదు. వాడి దుమ్ము ముసుగు లోపల వెల్లుల్లి రుద్దాను. వాడి బూట్లు నేలకి అంటించాను. ప్రతిసారీ వాడు నా మూడు తరాల్నీ పేరుపేరునా లేపి తిడతాడు. ఆ తిట్ల కోసమే చేస్తాను. వాడి తిట్లలో ఒక లయ ఉంటుంది.

నిన్న స్నానానికి ఇంటికి పోయినప్పుడు, దారిలో పనిగదిలోకి దూరి వాడి చేతితొడుగుల వేళ్ళు లోపలివైపు కుట్టేశాను. ఒక్క చిటికెన వేలు మాత్రం వదిలాను, దయ తలచి.

ఇవాళ అంకాలు వచ్చాడు. గది గాజు గోడ అవతల నించున్నాడు. నేను చెవులు రిక్కించుకుని కూర్చున్నాను.

"తొడుగులు చూశాను బావా," అన్నాడు. "భలే కుట్టావు. బాగా నవ్వొచ్చింది."

"అంతేనా?"

"అంతే. నువ్వు అన్నం తింటున్నావా?"

బేడీ ఎగిరింది. తొట్టిలో తిత్తి తడబడింది, గంట మోగింది, దయామణి పరిగెత్తుకొచ్చింది, డాక్టరమ్మ వచ్చింది. ఏమైంది, ఏమైంది అని నన్నడిగారు.

కారణం: అంకాలు తిట్టలేదు.

తొమ్మిదో రాత

డాక్టరమ్మ నిన్నటి రాత చదివింది. "ఆయన తిట్టకపోతే గుండె ఎందుకు అదిరిందండీ?" అంది. చదువుకున్నవాళ్ళకి అన్నీ విడమరిచి చెప్పాలి. చెప్పలేదు. వాడు కూడా తిట్టడం మానేశాడంటే ఊరంతటికీ ఏదో తెలుసు, నా ఒక్కడికే తెలియదు. అది తెలిశాక నాకూ తెలిసినట్టే. ఇప్పుడు నా పని ఏంటంటే, తెలిసి కూడా తెలియనట్టు గుండె కొట్టుకోవాలి. మనుషుల్ని ఏడిపించి నవ్వుతూ తిరిగే ఈ సరుకు మొత్తం ఇన్నాళ్ళూ దీనికే పోగేసుకున్నానేమో.

పాటలు పనికిరావు, దిగులొస్తుంది. లెక్కలు రావు. కాబట్టి పిడికెడుకి నా ఘనకార్యాలు ఒక్కొక్కటీ చెబుతున్నాను. సభలో పెద్దల కుర్చీల కింద కీచుబొమ్మలు పెట్టిన కథ. పెళ్ళిచూపుల్లో మాణిక్యం నాకు ఉప్పు కలిపిన టీ ఇచ్చిన కథ. అది నా కథ కాదు, మీ అమ్మ కథ, ఆ రోజే నాకు సరైన జోడీ దొరికిందని అర్థమైంది అని చెప్పాను. చెబుతున్నంతసేపూ తిత్తి బ్రహ్మాండంగా ఆడింది. రొమ్ము లేచింది, పడింది, లేచింది, పడింది.

పదకొండో రాత

రెండో తొట్టి ఖాళీ అయింది.

ఆ బిడ్డ తల్లి చంద్రకాంతం. వంటశాలలో పనిచేస్తుంది, మాట పెళుసు. మేమిద్దరం రోజూ చేతులు కడుక్కునే చోట పోట్లాడుకునేవాళ్ళం, సబ్బు ఎవరు అరగదీస్తున్నారని. పొద్దున దయామణి వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుని పట్టీ విప్పింది. చంద్రకాంతం మణికట్టు మీద పట్టీ అచ్చు పడిన చోట రుద్దుకుంటూ నించుంది.

బాకా ఊదలేదు. వాడు సొంతగాలి తీయలేదు కదా. ఊరి లెక్కలో వాడు పుట్టలేదు. మధ్యాహ్నం గంజి వరసలో చంద్రకాంతం నా ముందే ఉంది. బాలింత వాటా పోసే ఆయన, "బిడ్డ పేరు?" అని అడిగాడు, కొత్తవాడు. ఆమె గిన్నె వెనక్కి తీసుకుని వెళ్ళిపోయింది.

ఇది ఎవరో మాణిక్యానికి మోశారు. నేను వెళ్ళేసరికి గోడ వైపు తిరిగి పడుకుని ఉంది.

"మనదాన్నీ నంబరుతోనే పంపిస్తారా?"

"ఎక్కడికే పంపేది? అది వెళ్ళేటట్టు లేదు. నా కుర్చీ మీద కన్నేసింది."

"ఏవయ్యా," అంది, తిరగకుండానే. "నాతో ఆడకు. పుట్టలేదంటారా దాన్ని? నా కడుపు కోసి తీశారే. పుట్టలేదంటారా?"

దుప్పటి ఆమె భుజం మీదికి లాగి, వేళాకోళమాడకుండా వచ్చేశాను. ఇట్లా జరగడం అరుదు.

పన్నెండో రాత

తుమ్మింది.

పొద్దున దీపాలు తెల్లబడిన కాసేపటికి. తొట్టి దగ్గర నేను ఒక్కణ్ణే ఉన్నాను, దయామణి సిస్టర్ గుమ్మం దగ్గర గిన్నెలు సర్దుతోంది. నా చెయ్యి దాని తల మీద ఉంది. మొహం ముడుచుకుంది, ముక్కు పక్కన చిన్న మడత పడింది, తుమ్మింది. ఒకటి కాదు. రెండు. "చిరంజీవ! చిరంజీవ!" అని అరిచాను. బేడీ ఎగిరి పడింది, గంట మోగింది. కారణం: పై సంగతే.

డాక్టరమ్మ వచ్చింది. "నోట్లో గొట్టం ఉండగా తుమ్మెట్లా వస్తుందండీ?"

"మీ నోట్లో ఒకటి పెట్టి చూద్దామా ఎట్లా వస్తుందో?"

"నాంచారయ్య గారూ, పోయినేడు సభలో గాలిగొట్టంలో మిరప్పొడి వేసి మమ్మల్నందర్నీ తుమ్మించింది మీరే కదా?"

"నేనే. ఆ లెక్కన ఊళ్ళో తుమ్ములు నాకంటే తెలిసినవాడు ఇంకెవడు?"

ఆమె నవ్వలేదు. తొట్టి వైపు చూసింది, నా వైపు చూసింది. "ఇద్దరు సాక్షులు కావాలి," అంది, మెల్లగా. తప్పించుకోవడానికి నాకే దారి చూపిస్తున్నట్టు అంది.

గుమ్మం దగ్గర గిన్నెల చప్పుడు ఆగింది.

"నేనూ విన్నానండీ," అంది దయామణి సిస్టర్. "రెండు."

పదమూడో రాత

పేరు అలివేలు. మాణిక్యం ముందే అనుకుని ఉంచుకుందట, నాకు చెబితే వంకరగా పిలుస్తానని దాచింది. న్యాయమే.

పొద్దుటి పని వేళకి బాకా ఊదారు. "జల్లెళ్ల నాంచారయ్యకీ మాణిక్యానికీ కూతురు, అలివేలు, ఊపిరి తీసుకుంది. మన గాలిలో దానికీ వాటా ఉంది. వినండహో!" ముందు ఎక్కడో దూరంగా ఒక పళ్ళెం మోగింది. తర్వాత వంటశాల వైపు. తర్వాత అన్ని వైపులా. పైన గాలిగొట్టంలో జల్లెడని ఎవడో ఇనప కడ్డీతో బాదాడు, అంత మొరటుగా బాదేది అంకాలు ఒక్కడే. వంటశాల వైపు మోగిన వాటిలో చంద్రకాంతం పళ్ళెం ఉందో లేదో తెలియదు. ఆ సంగతి తలుచుకోకుండా ఉండాలని చూశాను.

మాణిక్యం ఆడవాళ్ళ గదిలో మంచం మీద కూర్చుని స్టీలు గ్లాసు మీద చెంచాతో కొట్టింది. కొట్టి కొట్టి చెంచా వంగింది.

పిల్ల మాత్రం అట్లాగే ఉంది. చేతులకి ఉబ్బు వచ్చింది. మొత్తం మీద రంగు, దయామణి మాటల్లో, "తేలింది".

పదిహేనో రాత

ఇవాళ మధ్యాహ్నం మాణిక్యాన్ని చక్రాల మంచం మీద తీసుకొచ్చారు. ఆమెను తేవడం ఇదే మొదలు. గది తుడిచే ఆయన తుడవకుండా బయటికి పోయాడు. దయామణి సిస్టర్ చేతిలో తువ్వాలు లేదు.

"అన్నా, చెయ్యి ఇలా ఇవ్వండి."

"ఎందుకు? జాతకం చెప్తావా? పెళ్ళాం గయ్యాళని తప్ప అందులో ఏమీ లేదు."

"ఇవ్వన్నా."

చెయ్యి చంకలో దాచుకున్నాను. పిల్లాడిలా. డాక్టరమ్మ మంచం అవతల నించుని నేల చూస్తోంది, ఇంతకాలం ఆడిన అబద్ధాలు మోసి మోసి ఆమె కూడా అలిసింది. నేను అన్నాను, "డాక్టరమ్మా, మీరు ఏమీ చెప్పకండి, నేను ఏమీ విననట్టు ఉంటాను, మన ఇద్దరికీ బాగుంటుంది. ఇంకో వారం అట్లా చేద్దాం. కుర్చీ కూడా మీకిస్తాను."

ఎవరూ నవ్వలేదు. బేడీ తడబడుతోంది. తొట్టిలో రొమ్ము తాళం తప్పుతోంది.

మాణిక్యం చెయ్యి చాపి నా మోకాలు మీద పెట్టింది. "ఎందుకయ్యా దాన్ని అట్లా పరిగెత్తిస్తావు?" అంది. "అలిసిపోయింది. నాకు కనిపిస్తోంది. చెయ్యి ఇచ్చెయ్."

ఇచ్చాను.

పట్టీ విప్పాక డాక్టరమ్మ చెప్పింది. చెప్పింది రాయను. కొత్త సంగతి ఏమీ లేదు అందులో.

గొట్టాలు తీసి అలివేలుని మాణిక్యం రొమ్ము మీద పెట్టారు. నేను ఆ ఇనప కుర్చీ లాక్కుని మంచానికి ఆనుకుని కూర్చున్నాను, నా చెయ్యి దాని వీపంతా కప్పేసింది. ఇప్పుడు నిమరొచ్చా అని దయామణిని అడిగాను. నిమరొచ్చన్నా అంది. ఆ నూగు మీద వేలు వేసి నిమిరాను. అంకాలు తొడుగులు నేను కుట్టేసిన కథ మొదలెట్టాను, అది దానికి ఇంకా చెప్పలేదు. సూది ఎక్కడ సంపాదించానో చెప్పాను, ఒక్కో వేలూ ఎట్లా కుట్టానో చెప్పాను. బొటనవేలు అయింది, చూపుడువేలు అయింది. ఉంగరం వేలు దగ్గర ఉండగా డాక్టరమ్మ వంగి చెవి ఆనించి విని, లేచి, తల అడ్డంగా ఊపింది.

నేను ఆగాను.

"ఆగావేం?" అంది మాణిక్యం. "చెప్పు. చివరిదాకా చెప్పు."

చిటికెన వేలు ఎందుకు వదిలానో కూడా చెప్పాను.

చివరి రాత

చేతికి పట్టీ లేదు, కాబట్టి ఉలికిపాట్లకి సంజాయిషీ ఇచ్చుకోవాల్సిన పని లేదు. కాగితాలు తిరిగి ఇమ్మని డాక్టర్ హైమవతి గారు కబురు పెట్టారు. ఇస్తాను. ఇచ్చే ముందు ఒక్క చోట రాసింది సరిచేస్తున్నాను.

పన్నెండో రాతలో గుండె ఎగిరిన మాట నిజం. ఆ పొద్దున నా చెయ్యి దాని తల మీద ఉన్న మాట నిజం. తిత్తి లాగితే రొమ్ము లేస్తోంది, వదిలితే పడుతోంది. ఆ రెంటికీ నడుమ చిన్న ఎడం ఉంటుంది, సొంతగాలి వచ్చేదైతే అక్కడే కొంచెం కదలాలి. నేను అక్కడే చూస్తూ కూర్చున్నాను. చాలాసేపు చూశాను. వెంట్రుకవాసి కూడా కదల్లేదు. నేను ఆడిస్తున్నాను కనక ఆడుతోంది, అంతే, అది రాదు అని నాకు తెలిసిపోయింది. గుండె ఎగిరింది, గంట మోగింది, అందరూ పరిగెత్తుకొస్తున్నారు, కారణం ఏదో ఒకటి చెప్పాలి. ముందు రోజు మాణిక్యం గోడ వైపు తిరిగి అడిగిన మాట చెవిలోనే ఉంది. నోటికి వచ్చింది చెప్పాను.

అలివేలు తుమ్మలేదు. ముక్కు పక్కన మడత, మొహం ముడుచుకోవడం, అంతా నా అల్లికే. దయామణి సిస్టర్ విన్నానంది. చెవులు ఆమెవి, వాటి సంగతి నాకేం తెలుసు. మాణిక్యానికి నేను చెప్పను, మీరూ చెప్పకండి, ఆమె ఆ వంగిన చెంచా దాచుకుంది. పేరు చాటడం తప్పయిందని మీ పెద్దలు అంటే, బాకా వెనక్కి ఊదడం వచ్చినవాడెవడైనా ఉంటే పిలిపించి ఊదించండి.

రెండని ఎందుకు చెప్పానంటే, ఒంటి తుమ్ము మంచిది కాదని.